ఆషాఢంలో కనపడిన మరక

రిటైరైన డాక్టర్ని కదిపితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. మా రోజుల్లో స్కానింగులు లేవు, చెయ్యి పెట్టి చూసి చెప్పేసేవాళ్ళం అంటూ మొదలుపెడుతుంది. మీకు ఆవలింతలొస్తాయి. నేను ఆ జోలికి పోను. నేను చెప్పబోయే కేసు నాటికి స్కానింగులున్నాయి, రక్తపరీక్షలున్నాయి, ఫోన్లో రిపోర్టు ఫొటో పంపితే రాజమండ్రిలో ఉన్న పెద్దవాళ్ళు అన్నం తింటూ కూడా జవాబిచ్చే సదుపాయం ఉంది. అన్నీ ఉండగానే మా అందరి కళ్ళూ కప్పిందది. నేను పని మానేసే ముందు సంవత్సరం సంగతి.

పాలకొల్లులో, మార్కెట్‌కి దగ్గర్లో, పడకలు తక్కువా గోల ఎక్కువా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుగా ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేశాను. ఆసుపత్రి యజమాని కూడా సర్జనే. అందరం పెద్ద డాక్టరు గారు అనేవాళ్ళం. మహా నేర్పున్న చెయ్యి ఆయనది, ఆపరేషన్ చేస్తుంటే పక్కన నిలబడి చూడాలనిపిస్తుంది. చిక్కల్లా ఏంటంటే, ఆయనకి వెతకడం కన్నా తీసెయ్యడం ఇష్టం. నలభై దాటిన ఆడమనిషి నడుం నొప్పని వచ్చినా "గర్భసంచి తీసేద్దామా?" అనేవారు. నేను "ముందు చూద్దామండి" అనేదాన్ని. మా స్నేహమంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. వెనకాల నర్సులు ఒకరు ఆయనలాగా, ఒకరు నాలాగా మాట్లాడి నవ్వుకునేవాళ్ళని నాకు తెలుసు. నన్ను బాగానే దింపేవాళ్ళు, పాపం.

ఆయన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు. మా వైపు ఆడవాళ్ళే వచ్చి అడుగుతారు. "పిల్లలు ఎదిగిపోయారండీ, ఇంకా ఈ సంచితో నాకేం పని, తీసెయ్యండి" అంటారు, పాత బీరువా అమ్మేసినంత తేలిగ్గా. పక్కింటావిడ తీయించుకుంది, ఆడపడుచు తీయించుకుంది, ఇక మనమెందుకు ఊరుకోవాలి! వద్దమ్మా అని చెబితే ఈ డాక్టరుకి చేతకాదని ఇంకో ఆసుపత్రికి పోతారు.

మన కథలో మనిషి అలా అడిగినావిడ కాదు. ఊళ్ళోనే ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళ పెద్ద కోడలు. పుట్టింటివాళ్ళకి కడియంలో ఎరువుల కొట్టు. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నలభై రెండో మూడో ఉంటాయి. నెలసరి వస్తే వారం పది రోజులు ఆగేది కాదు, మనిషి తెల్లగా పాలిపోయి ఉంది. పెద్ద డాక్టరు గారు షరా మామూలే. నేను కూడా షరా మామూలే. పరీక్షలన్నీ చేసి, లోపల చెడ్డదేం లేదని చూసుకుని, హార్మోను లూప్ పెట్టాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇది మామూలు కాపర్ టీ లాంటిదే, చిన్న ప్లాస్టిక్ ముక్క. గర్భసంచిలో కూర్చుని కొద్దికొద్దిగా హార్మోను వదులుతూ ఉంటుంది. దాంతో లోపలి పొర పలచబడి నెలసరి తగ్గిపోతుంది, చాలామందికి పూర్తిగా ఆగిపోతుంది. ఈవిడకీ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి చుక్క లేదు. ఒంట్లోకి రక్తం వచ్చింది, ముఖంలోకి కళ వచ్చింది.

ఆ ఇంట్లో ఇంకో మార్పు కూడా వచ్చింది. అది నాకు తర్వాత తెలిసింది. వాళ్ళది ఆచారం గట్టిగా పాటించే ఇల్లు. బయట ఉన్న మనిషి పూజగది గడప తొక్కకూడదు, పచ్చడి జాడీ ముట్టుకోకూడదు. కొట్లో మాట మగవాళ్ళది, ఇంట్లో మాట అత్తగారిది. డెబ్బై దాటినా ఆవిడ గొంతు వీధి చివరికి వినపడుతుంది. అలాంటి ఇంట్లో ఎప్పుడంటే అప్పుడు మడి కట్టుకోగల కోడలు దొరికిందంటే సామాన్యమా! వ్రతమైనా, నోమైనా, రామాలయంలో కల్యాణానికి పీటల మీద కూర్చోవడమైనా అన్నీ ఈవిడే. "మా పెద్దకోడలికి ఏ అడ్డూ ఉండదమ్మా" అని అత్తగారు ఊరంతా చెప్పుకునేది.

లూప్‌కి ఒక గడువుంటుంది. గడువు దాటిపోయాక, యాభయ్యొకటో ఏట, ఉగాదికి ముందు తీశాను. తీసి బల్ల దిగుతుంటే అడిగింది.

"మళ్ళీ వస్తుందాండీ?"

"రావచ్చు, రాకపోవచ్చమ్మా."

"అదేంటండీ, అసలు నాకు ఆగిపోయినట్టా, ఆగనట్టా?"

మంచి ప్రశ్న. మూతపెట్టిన గిన్నెలో పాలు ఎంతవరకూ కాగాయో బయట నుంచి ఏం తెలుస్తుంది? లూప్ ఉన్నన్నాళ్ళూ నెలసరి రాలేదు. కానీ వయసు వల్ల ఆగిందా, లూప్ వల్ల ఆగిందా అన్నది లూప్ తీస్తేగానీ బయటపడదు. అదే చెప్పాను. "అయితే నాకూ తెలీదు, మీకూ తెలీదన్నమాట" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

శ్రీరామనవమి తర్వాత వచ్చింది. కనపడిందట, నాలుగైదు రోజులుండి ఆగిందట. లూప్ తీశాక మొదట్లో ఇలా కావడం వింతేం కాదు. స్కాన్ చేయించాను, కంగారు పడేదేం కనపడలేదు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాను. "లేదండీ" అంది. "మళ్ళీ వస్తే మాత్రం ఆగకుండా రండి" అని పంపాను.

ఆగకుండా రమ్మంటే శ్రావణం దాకా రాలేదు. వరలక్ష్మీ వ్రతం అయిన తర్వాతి వారం అత్తగారు, భర్త చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. బాగా పోతోంది, నీరసంగా ఉంది. ఆ రోజు నేను కాన్పు కేసులో ఉంటే పెద్ద డాక్టరు గారు చూశారు. ఇంకేముంది! నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి గది ఇచ్చేశారు, రక్తపరీక్షలకి పంపేశారు, మర్నాడు పొద్దున్న ఆపరేషన్ అని థియేటర్ సిస్టర్‌కి చెప్పేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన గదిలోకి వెళ్ళి అడిగాను.

"ఎందుకు పోతోందో తెలియకుండా ఏం తీస్తామండీ?"

"యాభై దాటింది. సంచితో పనేముంది? తీశాక ఎలాగూ పరీక్షకి పంపుతాం, అప్పుడే తెలుస్తుంది."

"లోపల క్యాన్సర్ ఉంటేనో? దానికి చేసే ఆపరేషన్ వేరు, చేసే మనిషి వేరు. మనం మామూలుగా తీసేసి కుట్టేశాక అది బయటపడితే ఆవిణ్ణి మళ్ళీ బల్ల ఎక్కిస్తారా? ఏం లేకపోతేనో? ఊరికే కోసినట్టు."

"మీతో వచ్చిన తంటా ఇదేనండీ, అన్నీ చూడాలంటారు" అన్నారు. కోపంగా కాదు, అలిసిపోయి. నిజానికి ఆయనకి నా మీద గౌరవమే. "సరే, రేపు పొద్దుటిదాకా టైముంది. చూడండి మరి" అన్నారు.

ముందు చూడాలంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఆ మాట అనగానే అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. "ముక్క తీస్తే లేని రోగం అంటుకుంటుందంట డాక్టరమ్మగారూ! మా వేలువిడిచిన చెల్లెలికి అలాగే అయ్యింది. వద్దు, మొత్తం తీసెయ్యండి, పీడా పోతుంది." భర్త గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇత్తడి బిందె బరువు చేత్తో చెప్పగలిగిన మనిషి, ఇంటి ఆడవాళ్ళ విషయానికి వచ్చేసరికి నోరు పెగలదు.

మధ్యాహ్నం ఓపీ అయ్యాక వాళ్ళ గదిలోకి వెళ్ళాను. వెళ్ళింది బతిమాలడానికి. కానీ నాకో రోగముంది, ఎక్కడికెళ్ళినా ప్రశ్నలు వేస్తాను. కోడలు అప్పటికి కాస్త తేరుకుని, మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. అత్తగారు పక్క మంచం మీద బత్తాయి వొలుస్తోంది. కుర్చీ లాక్కుని మొదటి నుంచి చెప్పమ్మా అన్నాను.

"మొదట శ్రీరామనవమి అయ్యాకండీ. కల్యాణం అయిన మూడో నాడు. అప్పుడే మీ దగ్గరికొచ్చాను."

"తర్వాత?"

"తర్వాత వైశాఖంలో మా మరిది కూతురి పెళ్ళి. పదహారు రోజుల పండగ అయ్యేదాకా ఏం లేదు. అది అయిన రెండు రోజులకి వచ్చింది. ఇల్లంతా చుట్టాలు, ఎక్కడ రానండీ మీ దగ్గరికి."

"తర్వాత?"

"ఇప్పుడు, వరలక్ష్మీ వ్రతం అయ్యాక."

నాకు నవ్వాగలేదు. "మీ గర్భసంచి పంచాంగం చూసుకుని నడుస్తోందేంటమ్మా!" అన్నాను. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే నేను ఆలోచనలో పడ్డాను. మా వైపు ఆడవాళ్ళు తారీఖులు చెప్పరు, పండగలు చెబుతారు. అట్లతద్దికి ముందు, చవితి వెళ్ళాక, ఇలాగే. అది కొత్తేం కాదు. కానీ ప్రతిసారీ పూజ అయ్యాకే రావడమేంటి? ఒక్కసారైనా పూజకి ముందో, సరిగ్గా పీటల మీద కూర్చునే రోజో ఎందుకు రాలేదు? ఒంటికి భక్తి ఉంటుందని నేను ఏ క్లాసులోనూ చదవలేదు.

అదే పైకి అడిగాను. "ప్రతిసారీ పూజ సవ్యంగా అయ్యేదాకా ఆగి, తర్వాతే వస్తోందే. ఎలాగమ్మా?"

"అమ్మవారి దయండీ" అంది భక్తిగా.

పక్క మంచం మీద నుంచి అత్తగారు బత్తాయి తొన చేత్తో పట్టుకుని అందుకుంది. "అమ్మవారి దయేంటే, బాగుంది! నేను బిళ్ళలు ఇస్తున్నాను కదా?"

కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాను.

"ఏం బిళ్ళలు పిన్నిగారూ?"

"అవేనండీ, బయట చేరకుండా వేసుకునేవి. లూప్ తీయించేశాక మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదన్నారంట కదా మీరు. పీటల మీద కూర్చున్నాక వస్తే ఏం గతి? అందుకని పూజకి నాలుగు రోజుల ముందు మొదలుపెట్టి, అయ్యేదాకా పూటకోటి వేస్తున్నాను. పెళ్ళికైతే పదహారు రోజుల పండగ దాకా. మా ఇంట్లో ఆడపిల్లలందరికీ నేనే వేస్తాను. డబ్బా పూజగదిలోనే ఉంటుంది, హారతి కర్పూరం పక్కన."

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే లేదన్నావేంటమ్మా?" అన్నాను కోడలి వైపు తిరిగి.

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అవి మందులేంటండీ? రోగానికి వేసుకునేవి కాదు కదా. పూజకి కదా."

ఏమంటాం! మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, పసుపు కుంకుమలతో పాటు ఇంటికొస్తాయి, కర్పూరం పక్కన కూర్చుంటాయి. నేను మందుల గురించి అడిగాను, ఆవిడ మందుల గురించి చెప్పింది. మా ఆసుపత్రిలో అందరం అదే ప్రశ్న అడిగాం, అందరికీ అదే జవాబు వచ్చింది. స్కాన్ చేసే డాక్టరూ అడిగాడట, పెద్ద డాక్టరు గారూ అడిగారట.

ఆ బిళ్ళల్లో ఉండేది ఆ లూప్‌లోని హార్మోనుకి దగ్గర చుట్టమే. వేసుకున్నన్నాళ్ళూ గర్భసంచి లోపలి పొరని పట్టి ఉంచుతుంది. ఆపేసిన రెండు మూడు రోజులకి పొర వదిలి రక్తం పోతుంది. రాకూడదని వేసుకున్న బిళ్ళలే రప్పిస్తున్నాయన్నమాట! పైగా దీంతో ఇంకో సంగతి కూడా తేలింది. నెలసరి పూర్తిగా ఆగిపోయిన మనిషికి బిళ్ళలు ఆపినా ఇంత పోదు. అంటే ఆవిడకి ఇంకా పూర్తిగా ఆగలేదు. ఉగాదికి ముందు ఆవిడ అడిగిన ప్రశ్నకి శ్రావణంలో జవాబు దొరికింది.

నా సంతోషం చెప్పలేను. అత్తగారికి గట్టిగా నాలుగు చివాట్లు పెట్టాను. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముందని, బీపీ షుగరు ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువని, డాక్టరుని అడక్కుండా బఠాణీలు పంచినట్టు పంచకూడదని చెప్పాను. ఆవిడ బత్తాయి నా చేతిలో పెట్టి, "తెలీక చేశానమ్మా, తినండి" అంది. పెద్ద డాక్టరు గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను. విని కడుపు పట్టుకుని నవ్వారు. "హారతి కర్పూరం పక్కనా!" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. థియేటర్‌కి కబురు పంపి మర్నాటి ఆపరేషన్ తీసేయించారు. నేను గెలిచాను. ఆ సాయంత్రం టీ ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తు.

డిశ్చార్జి కాగితాలు రాసి మళ్ళీ గదిలోకి వెళ్ళాను. భర్త కారు తేవడానికి వెళ్ళాడు. అత్తగారు ఫ్లాస్కూ, గ్లాసులూ సంచిలో సర్దుతోంది. కోడలు మంచం దిగి జడ అల్లుకుంటూ అడిగింది.

"అయితే నాది జబ్బేం కాదన్నమాటేనా అండీ?"

అవునని నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడు నా కళ్ళు ఆవిడ చేతుల మీద పడ్డాయి. గోళ్ళకి గోరింటాకు ఎర్రదనం ఉంది. మొదలు దగ్గర తెల్లటి కొత్త గోరు పెరిగి, ఎరుపు ముందుకి జరిగింది. నేను ఎప్పుడూ గోరింటాకు పెట్టుకోలేదు, ఆపరేషన్లు చేసే చేతులకి అవన్నీ ఎందుకని. అందుకే ఎవరి చేతికి కనిపించినా నా చూపు పోతుంది.

"బాగా పండిందే! ఎక్కడి ఆకు?"

"కడియందండీ. ఆషాఢంలో మా అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. పక్క నర్సరీలో కోసుకొచ్చి రుబ్బారు. పండటం బాగానే పండింది కానీ, ఆ రోజు చీర పాడైందండీ. వెనక మరకైంది."

"గోరింటాకు మరకా?"

"నేనూ అలాగే అనుకున్నాను. రెండు చేతులకీ ఆకు ఉంది కదా, ఎక్కడో తగిలుంటుందనుకున్నా. మా వదిన చీర తడిపి చూసి, ఇది గోరింటాకు కాదే అంది. మర్నాడూ కొంచెం కనపడింది. తర్వాత లేదు. చాలా కొంచెమేనండీ, అది లెక్కలోకి రాదు."

నేను అత్తగారి వైపు తిరిగాను. "పిన్నిగారూ, ఆషాఢంలో ఏ పూజకి బిళ్ళలిచ్చారు?"

"ఆషాఢంలో ఏం పూజలుంటాయమ్మా? శూన్యమాసం. మేము ఏ శుభకార్యమూ పెట్టుకోం. ఎందుకిస్తాను?" అని, ఫ్లాస్కు సంచిలో పెట్టబోతూ ఆగింది. ఆవిడ తెలివైన మనిషి. అడిగింది ఎందుకో ఆవిడకి అర్థమైంది.

నవమికి జవాబుంది, పెళ్ళికి జవాబుంది, వ్రతానికి జవాబుంది. ఆషాఢానికి లేదు. బిళ్ళలు లేకుండా వచ్చిందది. వయసు మళ్ళే రోజుల్లో నెలసరి అటూ ఇటూ తప్పి ఓ రెండు రోజులు కనపడి ఉండొచ్చు, నూటికి చాలా పాళ్ళు అదే అయ్యుంటుంది. కానీ అయ్యుంటుంది అని పంపించడానికి నాకు మనసొప్పలేదు. చక్కటి జవాబు దొరికిందన్న సంబరంలో దానికి లొంగనిది ఒకటుందన్న సంగతే నేను వెతకలేదు. గోళ్ళ రంగు గురించి కబుర్లాడకపోతే ఆవిడ కారెక్కేది.

"కూర్చోండమ్మా" అన్నాను. "ముక్క పరీక్ష చెయ్యాలి."

అత్తగారు మళ్ళీ అదే పాట అందుకుంది, రోగం అంటుకుంటుందని. నాకు విసుగొచ్చింది. "పొద్దున్నేమో సంచి మొత్తం తీసెయ్యమన్నారు, ఇప్పుడు గోరంత ముక్క తియ్యొద్దంటారు, ఏంటి పిన్నిగారూ ఇది!" అన్నాను. భర్త అప్పుడే వచ్చి గుమ్మంలో కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. అలవాటు ప్రకారం తల్లి వైపు చూశాడు.

ఆ ఇంట్లో కోడలి గొంతు నేను అంతవరకూ విన్నది తక్కువ. అత్తగారు చెబితే తలూపడమే. సగం అల్లిన జడ వదిలేసి మంచం మీద కూర్చుంది.

"తియ్యండి డాక్టరు గారూ" అంది. "ఎనిమిదేళ్ళ నుంచీ నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకే తెలీదు. ఇప్పుడైనా తెలుసుకోవాలని ఉంది. అత్తయ్యగారూ, మీరు ఇంటికెళ్ళండి. ఆయన ఉంటారు."

అత్తగారు వెళ్ళలేదు. సంచిలో సర్దినవన్నీ మళ్ళీ తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్న, ఆపరేషన్‌కి అనుకున్న అదే టైముకి, చిన్న మత్తిచ్చి ముక్క తీశాను. పెద్ద డాక్టరు గారు కూడా వచ్చి నిలబడ్డారు. రిపోర్టు వచ్చేలోపు వినాయకచవితి వచ్చింది. ఆ ఇంట్లో ఆ పండగకి డబ్బా తియ్యలేదట. కోడలికి ఇంకా కొంచెం కనపడుతుంటే, అత్తగారే మోకాళ్ళ నొప్పులతో పీట మీద కూర్చుని పత్రి వేసిందట.

రిపోర్టు వచ్చింది. లోపలి పొరలో కణాలు దారి తప్పాయి. ఇంకా క్యాన్సర్ అని తేల్చలేదు కానీ, దాని గుమ్మం దాకా వచ్చాయి. ఇలాంటి రిపోర్టు వస్తే గర్భసంచి తీయాల్సిందే.

కాగితం తీసుకెళ్ళి పెద్ద డాక్టరు గారి ముందు పెట్టాను. నన్ను ఆట పట్టిస్తారనుకున్నాను. "నేను మొదటి రోజే తీసేద్దామన్నానా లేదా" అంటారని సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మన దగ్గర వద్దండీ. క్యాన్సర్ సర్జన్ చెయ్యాలి. రాజమండ్రి పంపుదాం, నేనే మాట్లాడతాను" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన తనంతట తాను ఒక గర్భసంచిని వదులుకోవడం అదే మొదటిసారి. ఫోన్ తీసి, డయల్ చేయబోయి ఆగారు. "ఆ రోజు నేను తీసేసి ఉంటే..." అంటూనే నంబరు నొక్కారు. ఆ సాయంత్రం నేనూ ఆవిణ్ణి దాదాపు కారెక్కించి పంపేశానని ఆయనకి గుర్తు చెయ్యాల్సిన పని లేదు.

రాజమండ్రిలో ఆపరేషన్ అయ్యింది. తీసిన సంచిలో ఒక మూల, చిన్నది, అసలు క్యాన్సరే ఉంది. మేము తీసిన ముక్కలో దొరకనంత చిన్నది. లోతుకి పోలేదు, ఎక్కడికీ పాకలేదు. ముందే అనుమానం ఉంది కాబట్టి చుట్టూ చూడాల్సినవన్నీ ఆ ఒక్కసారిలోనే చూసేశారు. తర్వాత వేరే వైద్యం అవసరం లేదన్నారు, పరీక్షలకి మాత్రం వస్తూ ఉండమన్నారు. ఆ కబురు ఫోన్లో విని నేను ఏడ్చాను. సిస్టర్ చూసి, మేడమ్ కూడా ఏడుస్తారా అని ఇంకో సిస్టర్‌ని పిలుచుకొచ్చింది.

మీలో ఓపీలో కూర్చోబోయేవాళ్ళకి ఒకటే చెబుతాను. నెలసరి ఆగిన మనిషికి మళ్ళీ కనపడినా, లూప్ తీశాక ఒకటికి రెండుసార్లు కనపడినా, ఎందుకో చూడకుండా ఊరుకోకండి. మన వైపైతే మందులేం వాడుతున్నారని అడిగి వదిలెయ్యకండి. ఇంట్లో ఈ మధ్య ఏం శుభకార్యాలు జరిగాయమ్మా అని అడగండి. జవాబు దొరికాక, ఏ శుభకార్యమూ లేనప్పుడు కూడా కనపడిందా అని ఇంకోసారి అడగండి. రెండో ప్రశ్నకి నన్ను గోరింటాకు నడిపించింది, మీకు ప్రతిసారీ గోరింటాకు దొరకదు.

పోయిన ఆషాఢంలో, నేను రిటైరయ్యాక, మధ్యాహ్నం పూట మా ఇంటి ముందు కారు ఆగింది. అత్తగారు, పెద్దకోడలు, వెనక ఇంకొకావిడ. పెద్దకోడలి చేతిలో స్టీలు గిన్నె నిండా రుబ్బిన గోరింటాకు.

"ఇంక మీరు గ్లౌజులు తొడుక్కోవాల్సిన పని లేదు కదండీ" అని, నేను వద్దనేలోపే ఆవిడ నా చెయ్యి లాక్కుని పెట్టడం మొదలుపెట్టింది. అరవై దాటాక మొదటిసారి నా వేళ్ళకి టోపీలు. చల్లగా, హాయిగా ఉంది. రెండు చేతులూ అయ్యేదాకా అత్తగారు ఆగింది. తర్వాత వెనక నిలబడినావిణ్ణి ముందుకి తోసింది.

"మా రెండో కోడలండీ. అప్పట్లో వైశాఖంలో పెళ్ళి చేశాం చూడండి, ఆ పిల్ల తల్లి. దీనికి ఆగిపోయి రెండేళ్ళయ్యింది. మొన్న మళ్ళీ కనపడిందంట. నేను అడిగితేగానీ చెప్పలేదు. బిళ్ళలేం లేవు, ఆ డబ్బాలో ఇప్పుడు వక్కపొడి పోశాను. పూజలూ ఏం లేవు." గొంతు తగ్గించింది. "దీనికి ముక్క పరీక్ష చేయించండి డాక్టరమ్మగారూ. నేను దగ్గరుంటాను, ఇదేం భయపడదు."

నా రెండు చేతులకీ ఆకు ఉంది. పెద్దకోడలు నా ఫోన్ తీసి, పెద్ద డాక్టరు గారి నంబరు నొక్కి, నా చెవి దగ్గర పట్టుకుంది. సంగతంతా చెప్పాను.

"సరే, పంపండి. ముందు చూద్దాం" అన్నారాయన.